తిరిగి పోయే జాగ

కడెం డ్యాం గేట్ల మీదికెక్కి నీళ్ళు దుమికిన ఏడు మా కోడలు నవ్యశ్రీ చేయి విరిగింది. విరిగిందంటే దానంతట అది విరగలేదు. నా కొడుకు సంపత్ విరగ్గొట్టాడు. జారి పడ్డదని ఊళ్ళో ఇప్పటికీ కొందరు చెబుతారు. ఆ మాట పుట్టించింది నా భార్య పోశవ్వ. నేను చూసింది చెబుతాను.

మా ఊరు కాలువ కింది ఊరు. నేను నీరటి పని చేసినవాణ్ణి. ఎవరి వంతు వస్తే వాళ్ళ మడికి తూము తీయడం, నిండాక మూసివేయడం నా పని. ఆ ఏడు వరద పోయేసరికి పొలాల నిండా ఇసుక మేట వేసింది. మస్కట్‌లో కంపెనీ మూతపడి సంపత్ ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఇల్లు నవ్యశ్రీ ఉద్యోగం మీద నడుస్తోంది. ఆమెది సుల్తానాబాద్. ఇంజనీరింగ్ చదివింది. బోరు మోటారును ఫోన్ మీద నడిపించే డబ్బాలు తయారుచేసే కంపెనీ ఒకటి హైదరాబాద్‌లో ఉంది. ఆ డబ్బాలోని చిప్పుకు పని చెప్పడం ఆమె ఉద్యోగం. ఇంటి నుంచే చేసేది. అరుగు మీద సిగ్నల్ వస్తుందని అక్కడే చాప వేసుకొని కూర్చునేది. నేను ఎదురుగా తాడు పేనుకుంటూ ఉండేవాణ్ణి. ఇద్దరం ఒక్క మాట లేకుండా పూటలకు పూటలు గడిపేవాళ్ళం.

ఒకనాడు ఆమె నుదురు కొట్టుకుంటుంటే ఏమైంది బిడ్డా అని అడిగాను. బంద్ చేసిన మోటారు దానంతట అదే మళ్ళీ నడుస్తోందట. తప్పు ఎక్కడుందో దొరకడం లేదట. గదేం తప్పు అన్నాను. చెబితే నాకు అర్థం కాదని ఆమె అనుకోలేదు. నా కాలువ మీద పెట్టి చెప్పింది.

చిప్పులో ఒక పని నడుస్తూ మధ్యలో ఇంకో పనిని పిలుస్తుందట. బోరులో నీళ్ళున్నాయో లేదో చూసి చెప్పు అని. పిలిచిన పనికీ పిలిపించుకున్న పనికీ ఉండేవి అవే కొన్ని అరలు. రిజిస్టర్లు అంటారు. చాలా తక్కువ ఉంటాయి కాబట్టి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఇవ్వాల్సిన సామాను పిలిచే పని మొదటి నాలుగు అరల్లో పెట్టి ఇవ్వాలి. పట్టకపోతే మిగిలింది పక్కన కుప్ప మీద పెట్టాలి. జవాబు మొదటి అరలో వస్తుంది. ఆ నాలుగు అరలను పిలిపించుకున్నది ఎట్లా ఖరాబు చేసినా అడగడానికి లేదు. వాటిలో మనది ఏదన్నా ఉంటే పిలవకముందే మనమే దాచుకోవాలి. మిగతా అరలు అట్లా కాదు. వాటిని వాడుకోవాలంటే ముందు అందులో ఉన్నదాన్ని కుప్ప మీద పెట్టి, పని అయ్యాక ఉన్నది ఉన్నట్టు అరలో పెట్టి పోవాలి. వచ్చినప్పుడు కుప్ప ఎంత ఎత్తుందో పోయేటప్పుడు అంతే ఉండాలి. ఇంకో అర ఉంది. అందులో తిరిగి పోయే జాగ ఉంటుంది, పని అయ్యాక ఎక్కడికి పోవాలో అది. పిలిపించుకున్నది మళ్ళీ ఇంకోదాన్ని పిలిస్తే ఆ అరలోది చెరిగిపోతుంది. ముందే దాచుకోకపోతే వచ్చిన దారి ఇక దొరకదు.

"తప్పితే చిప్పు పట్టుకుంటదా?" అన్నాను.

"పట్టుకోదు మామా. దానికి గీ కట్టుబాటే తెల్వదు. గిది మనుషులు పెట్టుకున్న మాట. తప్పినోడు మంచిగనే నడుస్తడు. ఏ పాపం తెల్వనోడు ఇంకెక్కడనో కూలుతడు."

నాకు అర్థమైంది. ఇది ఎవరి వంతు అని కాలువ అడగదు. పై మడివాడు తన మడి నిండాక తూము వేయకుండా పోతే వాడి పైరు పచ్చగానే ఉంటుంది. ఎండేది ఆ చివర. ఎండిన మడి చూసి అందరూ చివరివాడినే తిడతారు, మడి చూసుకోవడం చేతకాదని.

ఆ పనులు రాసినవాళ్ళలో ఎవరో ఒక అర వాడుకొని తిరిగి పెట్టలేదని ఆమె అనుమానం. వెతుకుతూ ఉంది. ఆఫీసులో పై సారు మాత్రం తప్పు నవ్యశ్రీ భాగంలోనే ఉందని అందరూ వింటుండగా అనేవాడు. ఓసారి స్పీకర్లో నేనే విన్నాను. కుక్కర్ విజిల్ వినిపిస్తోంది, ముందు పప్పు చూసుకోండి మేడం, తరవాత మోటారు చూద్దాం అన్నాడు. అటువైపు నలుగురు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, లేచి, పొయ్యి బంద్ చేసి వచ్చింది.

తప్పు దొరికిన రోజునే దెబ్బలు తిన్నది.

మిట్టమధ్యాహ్నం. ఆమె ఫోన్లో సారుకు చెబుతోంది. ఆ అరను తిరిగి పెట్టనిది సారు రాసిన పనే. మెల్లగా, సారుకు కోపం రాకుండా చెబుతోంది. అప్పుడే సంపత్ ఇద్దరు దోస్తులను వెంటబెట్టుకొని వచ్చాడు. ముగ్గురూ తాగి ఉన్నారు. గుడ్లు ఉడకబెట్టుకురమ్మని కేకేశాడు. ఆమె మాట్లాడుతూనే కుడిచెయ్యి కొంచెం లేపింది, ఆగమని. దోస్తుల్లో ఒకడు నవ్వాడు.

"నీ పెండ్లాం నీకు చెయ్యి సూపెడుతుందిరా. ఆఫీసర్ సాబ్ పర్మిషన్ ఇచ్చినంకనే గుడ్లు."

అరుగు మీద గొడ్డలికి కొత్త కామ, చేత పట్టుకునే కట్టె, చెక్కి పెట్టాను. సంపత్ అది తీసుకున్నాడు.

"ఏ చెయ్యి సూపెట్టినవ్?" అన్నాడు.

మొదటి దెబ్బ కంప్యూటర్ మీద పడింది. ఆమె దాని మీదికి వంగి చేయి అడ్డం పెట్టింది. రెండో దెబ్బ ఆ చేతి మీద. ఎండు కంది కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆమె అరవలేదు. నోరు తెరిచింది, గాలి వచ్చింది. జుట్టు పట్టి కిందికి గుంజి కడుపులో తన్నాడు, మళ్ళీ తన్నాడు. నేను మీద పడేసరికి కామ నా భుజానికి తగిలింది. వాడి గొంతు దొరకబుచ్చుకొని గోడకు అదిమాను. కళ్ళు తేలేసేదాకా వదలలేదు. దోస్తులు నన్ను లాగి పడేసి బండెక్కి పోయారు. ఫోన్ కింద పడి ఇంకా నడుస్తూనే ఉంది. హలో, హలో, నవ్యా, నెట్‌వర్క్ పోయిందా అంటున్నాడు సారు.

పోశవ్వ లోపలి నుంచి వచ్చి చూసింది. కోడలు పక్కన కూర్చొని కొంగుతో రక్తం తుడుస్తూ, "జెరసేపు లేసి గుడ్లు ఉడకబెడితె అయిపోతుండె కద బిడ్డా" అన్నది. ప్రేమగానే అన్నది.

ఊరి డాక్టరు కట్టెలు పెట్టి కట్టు కట్టాడు. మణికట్టు దగ్గర విరిగింది, వేళ్ళు కూడా నలిగాయి, నిర్మల్ పెద్ద దవాఖానకు తొందరగా తీసుకుపోండి, ఆలస్యమైతే వేళ్ళు వంగవు అన్నాడు. ఎట్లా తగిలిందని అడిగితే తడి గచ్చు మీద జారిందని పోశవ్వ చెప్పింది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మొగుడు కొట్టిన ఆడదాన్ని పెద్ద దవాఖానకు తీసుకుపోతే అక్కడ పోలీసు కేసు రాస్తారు. అందుకని ముందు పంచాయితీ అవ్వాలి, తరవాత దవాఖాన. పంచాయితీలో కలిసిపోయాక దవాఖానలో జారిపడ్డామని ఆడదే చెబుతుంది. నవ్యశ్రీ మా ఇంటికి రాలేదు. ఎదురింటి శంకరవ్వ దగ్గరికి పోయి పడుకుంది. శంకరవ్వ ఒంటరి మనిషి, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. సుల్తానాబాద్‌కు ఫోన్ చేస్తే, పెద్దమనుషులు ఏం చెబితే అది విను బిడ్డా అని కన్నతల్లి ఏడ్చింది.

మరునాడు నేను పోయి ఆమె మంచం పక్కన కూర్చున్నాను. చేయి కుండలా వాచింది. ఆమె పైకప్పు చూస్తూ మాట్లాడింది. గొంతు పెంచలేదు. తలకాయలో ఒక పనిని పేర్చుకోవడం అంటే ఒకదాని మీద ఒకటి కుండలు ఎత్తుకోవడమట. పై కుండ ఎత్తే వేళకు ఎవరో పిలుస్తారు. నవ్యా, నా చార్జర్ ఏది. చార్జర్ ఆయన తలగడ పక్కనే ఉంటుంది. నవ్యా, పాలు పొంగుతున్నయి, ఇంట్లనే ఉంటవు కద. నవ్యా, వేడినీళ్ళు. కూసొని వేళ్ళు ఆడిచ్చుడు కూడా పనేనా. ఎవనితోని నవ్వుకుంట మాట్లాడుతున్నవ్. పోయి వచ్చేసరికి ఒక్క కుండా ఉండదు. మళ్ళీ మొదటి నుంచి. పిలుపు రాకముందే పసిగట్టి చేసి పెట్టడం నేర్చుకుంది, తెల్లారకముందే లేచింది, నెల నొప్పి వస్తే గోలీ మింగి కూర్చుంది, అయినా పిలుపు రానే వచ్చేది. ఈ ఇంట్లో అన్నీ రెండు రకాలు అన్నది. వాళ్ళవన్నీ ఎట్లా ఉన్నవి అట్లా తిరిగి పెట్టాల్సినవి. ఆయన అంగీ మడత, అత్త దేవుని గూడు, ఇత్తడి బిందె జాగ, ఆఖరికి ఆయన కోపం కూడా, పొద్దున ఎంతుందో పడుకునే వేళకు అంతకే దించి పెట్టాలి. ఆమెవన్నీ ఎవరైనా ఖరాబు చేయగలిగేవి. నిద్ర, ఆకలి, సగంలో ఉన్న ఆలోచన, ఒళ్ళు. దాచుకుంటే ఆమే దాచుకోవాలి, దాచుకునే జాగ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఇన్నేళ్ళూ తప్పు తనలోనే వెతికింది. నాకు దాచుకోవడం రాదేమో, నాకు చేతకాదేమో అని. కూలేది తనే కాబట్టి తప్పూ తనదే అనుకుంది. నిన్న సారు పనిలో తప్పు దొరికినప్పుడు తనకు సంతోషం కాలేదట. ఇంట్లో కూడా నేను తప్పుడు చోట వెతుకుతున్నా అనిపించిందట.

అంతా అయ్యాక వేళ్ళు కదిలించి చూసుకుంది. రెండు కదలలేదు.

సాయంత్రం కుల సంఘం భవనంలో కూర్చున్నారు. పెద్దమనిషి రాజలింగు సంపత్‌ను తిట్టాడు, కాళ్ళు మొక్కమన్నాడు. సంపత్ మొక్కినట్టు వంగాడు. నాలుగు గిన్నెలు ఒక్క దగ్గర ఉంటే సప్పుడు కాకుంటదా అన్నాడు రాజలింగు. ఇక ఆడదాన్ని ఇంటికి పంపాలంటే మొగని తండ్రి జమానతు ఉండాలి. మళ్ళీ చెయ్యి పడదని పదిమందిలో మాట ఇవ్వాలి. అది ఇస్తే ఆమె పోవాల్సిందే. ఇచ్చిన మాట తరవాత ఏమైందో ఎవరూ అడగరు. రాజలింగు నా వైపు చెయ్యి చూపాడు.

"హనుమండ్లు మాట మీద ఊరు నీళ్ళు పంచుకున్నది. ఆయన ఉంటా అంటే ఇగ మాటే లేదు. తిరిగి పో బిడ్డా, రేపు దవాఖానకు మేమే తోలుతం."

సంపత్ ఫోన్ చూసుకుంటూనే, "బాపు ఉంటడు తియ్యి" అన్నాడు.

నవ్యశ్రీ లేచింది. చెయ్యి గుండెకు ఆనించుకొని నిలబడింది.

"ఎవలన్న పిలిస్తె పోయి పని చేస్తం పెద్దయ్యా. పని అయినంక వచ్చిన జాగకు తిరిగి పోతం. నాకు గా జాగ ఈయన చెరిపిండు. తిరిగి పో అంటే నేను ఏడికి పోవాలె?"

"ఇల్లు గక్కడనే ఉన్నది కద బిడ్డా."

"గోడలున్నయి. నేను పోను. రేపు దవాఖానకు పోత, నన్ను కొట్టిండ్రని చెప్త. ఎవలొచ్చినా, రాకున్నా."

అందరూ నా వైపు తిరిగారు. ఆమె మాత్రం చూడలేదు. నా మాట కోసం ఆమె ఆగి లేదు.

"నేను జమానతు ఉండ" అన్నాను.

పోశవ్వ నెత్తి కొట్టుకుంది. ముసలోనికి కోడలు మోజు పట్టిందని వెనక ఎవడో అన్నాడు, కొందరు నవ్వారు. సంపత్ కుర్చీ ఎత్తి నా మీద వేశాడు. చెవి తెగింది. వాణ్ణి బయటికి గుంజుకుపోతుంటే, నువ్వు చస్తే కొరివి ఎవడు పెడతడో చూస్తా అని అరిచాడు. నేను తువ్వాల చెవికి అదిమి పెట్టుకొని కూర్చున్నాను.

తెల్లారి నవ్యశ్రీ బస్సెక్కింది. నేనూ ఎక్కాను. నిర్మల్ దవాఖానలో ఎట్లా తగిలిందని అడిగితే ఆమే చెప్పింది. పోలీసు వచ్చాడు. చూసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అన్నాడు. నేను లేచాను. ఆమెకు ఏమవుతావన్నాడు. మామను అన్నాను. కొట్టినవాడు నీకేమవుతాడన్నాడు. కొడుకు అన్నాను. వాడి పేరు చెప్పమన్నాడు.

చెప్పాను.