జాసిం బేరం

ఆ ఎండాకాలం మా ఇంట్లో రోజూ మనుషుల బేరమే. మా ఇల్లంటే నాది కాదు, కువైట్‌లోని ముబారక్ అల్ కబీర్‌లో నేను వంట చేసే ఇల్లు. బాస్కెట్‌బాల్ పోటీలు ఎండలు ముదిరేసరికి అయిపోతాయి. మళ్లీ మొదలయ్యేదాకా ఆడేవాళ్లకు సెలవు, మాట్లాడేవాళ్లకు చేతినిండా పని. ఏ క్లబ్బు ఎవరిని వదిలించుకుంది, ఎవరిని తెచ్చుకుంది, ఎవరినిచ్చి ఎవరిని మార్చుకుంది, అందులో ఎవరు మోసపోయారు. సాయంత్రం మగ్రిబ్ నమాజు కాగానే ముందు హాల్లో, అంటే వాళ్ల దివానియాలో, మగవాళ్లంతా చేరి మొదలుపెడితే నేను అన్నం నింపిన తబుకు పళ్లెం పంపేదాకా అదే గోల.

గోలకు కారణముంది. ఇంటి పెద్దకొడుకు జాసిం ఆ ఆటలో పేరున్నవాడు. వాళ్ల నాన్న, మేము బాబా అని పిలిచే, మాకు వీసా ఇచ్చిన కఫీల్, ఒకప్పుడు జాసిం ఆడే క్లబ్బు కమిటీలో ఉన్నాడు. కొడుకు ఎక్కడ ఆడాలో, ఎంతకు ఒప్పుకోవాలో అన్నీ ఆయనే చూస్తాడు. ఎవరేం చెప్పినా వింటాడు, చివరికి తనకు తోచింది చేస్తాడు.

నా మొగుడు సిద్ధయ్య ఆ ఇంటి డ్రైవరు. వాళ్ల నోట్లో సిద్దీఖ్ అయ్యాడు, నేను సంజూ అయ్యాను. జాసింను ప్రాక్టీసుకు, మ్యాచులకు తీసుకెళ్లి, అతని సంచీ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని చూసీ చూసీ ఈయనకు ఆట పిచ్చి పట్టుకుంది. రాయచోటి సంతలో మేకలు కొని అమ్మిన మనిషి కదా, బేరం ఎక్కడ జరిగినా చెవులు నిక్కపొడుచుకుంటాయి. దివానియాలో కాఫీ పోస్తూ ఒకరోజు నోరు జారాడు. ఆ ఏడు మన క్లబ్బు దూరం నుంచి బంతి వేసే ఆటగాణ్ని వదులుకుని, ఎదుటివాళ్లను అడ్డుకునేవాళ్లను ఇద్దరిని తెచ్చుకుంది. అంతా భేష్ అంటుంటే ఈయన, "కాపలాకు ఇద్దర్ని తెచ్చినారు బాబా, సంపాదించేవాణ్ని పంపించేసినారు" అన్నాడట. ఈయన అరబ్బీ కూడా రాయచోటి యాసలోనే ఉంటుంది. హాలు హాలంతా పడీపడీ నవ్వారు. ఆనాటి నుంచి ఎవరు మారినా, "సిద్దీఖ్, నువ్వేమంటావు?" అని అడగడం వాళ్లకు సరదా అయింది.

ఈయనకు అది సరదా కాదు, పదవి. గదికి వచ్చి నాకు మళ్లీ చెప్పేవాడు. పొద్దుట్నుంచి పొయ్యి ముందు నిలబడి నడుం పడిపోతుంటే, ట్యునీషియా నుంచి తెచ్చిన పొడుగాటివాడి కాళ్ల సంగతి నాకెందుకు.

"మేకకు నోరు తెరిచి పండ్లు చూస్తాం మే, ఆటగానికి కాళ్లు చూడాల. వాడు దూకి కింద పడేటప్పుడు ఎడమ కాలు భయపడతాంది. ఈ ఏడు సగంలోనే కూచుంటాడు, రాసిపెట్టుకో."

"నా కాళ్లు కూడా చూడయ్యా, ఎన్నేండ్లు పనికొస్తాయో చెబుదువు" అనేదాన్ని.

ఆయన నవ్వి నా కాళ్లు ఒళ్లోకి లాక్కుని పట్టేవాడు. అరికాళ్లు, మడమలు, పిక్కలు. మొగుడు పెళ్లాం కాళ్లు పట్టడమేమిటని మా ఊళ్లో ఎవరైనా అంటారేమో. మా గదిలో అనేవాళ్లు ఎవరూ లేరు.

ఆ గది సంగతి చెప్పాలి. నేను కువైట్‌కు ముందొచ్చాను, ఆయన తరవాత. మధ్యలో మూడేళ్లు ఫోన్లోనే కాపురం చేశాం. పాత డ్రైవరు పని ఖలాస్ చేసుకుని వెళ్లిపోయినప్పుడు, మేము మామా అని పిలిచే ఇంటావిడ వెంటపడి, బతిమాలి, ఏడ్చి ఆయనకు వీసా తెప్పించుకున్నాను. గ్యారేజీ పక్క గది మాకిచ్చారు. అబ్బాసియాలో మా జిల్లా ఆడవాళ్లు కలిస్తే "సంజీవమ్మకేం, కాపురం చేసుకుంటాంది" అని అసూయపడేవాళ్లు. మొగుడొక ఇంట్లో, పెళ్లామొక ఇంట్లో పనిచేస్తూ, దొరికిన శుక్రవారం బస్‌స్టాపులో నిలబడి మాట్లాడుకుని ఎవరి బస్సు వాళ్లు ఎక్కే జంటలను నేను చూశాను. ఆ ఆడవాళ్లు బస్సెక్కాక కిటికీలోంచి వెనక్కి చూడరు. ఎందుకు చూడరో నాకు తెలుసు. అలాంటి బతుకు నాకొద్దని రోజూ దేవుడికి చెప్పుకునేదాన్ని.

జులైలో దక్షిణం వైపు క్లబ్బొకటి జాసింను అడిగింది. వాళ్లకు డబ్బుంది. జాసింను ఇస్తే, బదులుగా చిన్న వయసు పొడగరి కుర్రాణ్ని మన క్లబ్బుకు ఇస్తామన్నారు. దివానియా రెండుగా చీలింది. జాసింకు వయసు మీదపడుతోంది, ఇప్పుడే మంచి ధర వస్తుంది, పొమ్మనండి అని జాసిం మేనమామ. పుట్టి పెరిగిన క్లబ్బు వదిలి పోవడమేమిటని మిగతావాళ్లు. జాసిం మాత్రం ఫోను చూసుకుంటూ కూర్చునేవాడట.

నాకు వీటితో పని లేకపోయేది, మామా వంటింట్లోకి వచ్చి ఆ మాట అనకపోతే. ద్రాక్షాకుల్లో అన్నం చుడుతున్నాను. ఆవిడ పక్కన కూర్చుని తానూ రెండు చుట్టి, సంతోషంగా చెప్పింది.

"జాసిం వెళ్తే మంగఫ్‌లో ఫ్లాటు ఇస్తారట సంజూ. కోడలికి నెలలు నిండుతున్నాయి, బండి నడపకూడదు. సిద్దీఖ్ వాళ్ల దగ్గరుంటాడు. ఇక్కడికి మా చెల్లెలి డ్రైవరును తెచ్చుకుంటాను."

"నేను మామా?"

"నువ్వేంటి? సిద్దీఖ్ ఒక్కడే."

చేతిలో ఆకు చిరిగిపోయింది. మంగఫ్ కారులో ఎంతోసేపు కాదు, నాకు తెలుసు. కువైట్ చిన్న దేశమే. పనిమనిషికి మాత్రం గేటు దాటితే పరదేశమే.

గదికి రాగానే ఆయనకు చెప్పాను. మంచం మీద కూలబడ్డాడు.

"నాకెవురూ చెప్పలేదే" అన్నాడు.

"నీకెందుకు చెప్తారు? పొడుగోళ్ల గురించి అడుగుతారు గానీ, నీ గురించి నిన్నడుగుతారా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మొహం చిన్నబోయింది. కానీ ఆయనది సంత బుర్ర కదా, తొందరగానే తేరుకున్నాడు.

"జాసిం పోతేనే గదా నేను పోయేది? జాసిం పోకుండా చేస్తా. బాబా నా మాట వింటాడు మే. రేపు నన్నడగతారు, అప్పుడు చూడు."

"ఏం చెప్తావు?"

"నిజమే చెప్తా. అబద్ధం చెప్తే దొరికిపోతాం."

మర్నాడు సాయంత్రం నేను వంటింటి తలుపు దగ్గర చెంబులు తుడుస్తున్నట్టు నిలబడ్డాను. నడవ అవతలే దివానియా. ఎప్పటిలాగే ఎవరో నవ్వుతూ, "మన సిద్దీఖ్‌ను అడగండి" అన్నారు. ఈయన కాఫీ కూజా కింద పెట్టాడు. పెట్టిన చప్పుడు నాకు వినిపించింది.

"బాబా, జాసిం గొప్పోడని మీరంతా అంటాండారు. జాసిం ఒక్కడు గొప్పోడు కాదు. జాసిం బంతి ఇస్తే వానితో ఆడే బర్రాక్ వేస్తాడు. బర్రాక్ యాడుండాడో జాసిం చూసి ఇయ్యడు. చూడకుండానే ఇస్తాడు. ఎందుకంటే వాడు యాడుంటాడో వీనికి తెలుసు, వీడెప్పుడిస్తాడో వానికి తెలుసు. అది ఒక ఏడులో వచ్చేది కాదు. కొత్త క్లబ్బులో జాసిం అట్లనే ఇస్తే బంతి పోయి గోడకు తగుల్తాది. అప్పుడు, ముసలోడైనాడు, డబ్బు దండగ అంటారు. ఈడ బర్రాక్ కూడా చేతులు ఊపుకుంటా నిలబడతాడు. ఇద్దరూ చెడిపోతారు. జోడును విడదీయొద్దు బాబా. విడదీసినోళ్లకు గానీ, కొన్నోళ్లకు గానీ, లాభం లేదు."

ఎవరూ నవ్వలేదు. ఆయన గొంతు చివర్లో వణికింది. అది ఆట గురించి వణికిందనుకుని ఉంటారు. బాబా, "వల్లా, దేవుడి మీద ఒట్టు, సిద్దీఖ్ చెప్పింది నిజం" అన్నాడు. పొమ్మన్న మేనమామ కూడా, అవును, పోయిన ఏడు బర్రాక్‌కు దెబ్బ తగిలి కూర్చున్నప్పుడు జాసిం ఆట ఎలా పడిపోయిందో చూశాం కదా, అన్నాడు. దాని మీద మరో గంట మాట్లాడుకున్నారు. పాత మ్యాచులన్నీ తవ్వి తీశారు.

ఆయన వంటింట్లోకి వచ్చినప్పుడు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. నాలుగేళ్లు నేను ఎగతాళి చేసిన పిచ్చి మా కాపురాన్ని నిలబెట్టింది. వాళ్లకు వేయించిన చేపలో పెద్ద ముక్క తీసి ఆయనకు పెట్టాను. తింటూ, "జోడు అంటాంటే నువ్వే కంటి ముందర కనపడినావు మే" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఇంకో ముక్క పెట్టాను.

ఆ వారమంతా జాసిం మాట ఎవరూ ఎత్తలేదు. బాబా మాత్రం ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. బేరం చెడగొట్టుకోవడానికి కూడా మర్యాదగా మాట్లాడాలి కదా అనుకున్నాం మేమిద్దరం.

శుక్రవారం భోజనానికి ఇంటివాళ్లు మాత్రమే ఉన్నారు. నేను మచ్‌బూస్ అన్నం తబుకు ఎత్తుకుని హాల్లోకి వెళ్లేసరికి జాసిం మా ఆయన భుజాల చుట్టూ చెయ్యి వేసి ఊపేస్తున్నాడు. బాబా మొహం వెలిగిపోతోంది. నన్ను చూసి, "సంజూ, నీ మొగుడు గొప్పవాడు" అన్నాడు.

మా ఆయన మొహం చూశాను. గొప్పవాడి మొహంలా లేదు.

"జోడును విడదీయొద్దన్నాడు కదా. నేనూ వాళ్లకు అదే చెప్పాను. జాసిం ఒక్కడే అయితే రాడు, బర్రాక్‌ను కూడా తీసుకోండి, లేకపోతే ఖలాస్, అన్నాను. ముందు కుదరదన్నారు. నిన్న ఒప్పుకున్నారు. ఇద్దరూ మంగఫ్‌లోనే, ఒకే బిల్డింగులో. ఈ ఎండాకాలంలో కువైట్ మొత్తంలో ఇంత మంచి బేరం ఎవరూ చేయలేదు."

తబుకు కింద పెట్టాను. చేతులు కాలుతున్నాయని అప్పుడు తెలిసింది. బాబా ఎంత సంతోషంలో ఉన్నాడంటే, ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి నన్ను కూడా అడిగాడు.

"నువ్వేమంటావు సంజూ? బాగుందా?"

అందరూ నవ్వు మొహాలతో నాకేసి చూశారు. బాగుంది బాబా అని వంటింట్లోకి వెళ్లిపోవచ్చు. వెళ్లలేకపోయాను. కోపమో, భయమో, రెండూనో, నోరు దానంతటదే తెరుచుకుంది.

"బాగుంది బాబా. వాళ్లిద్దర్నీ విడదీయలేదు, మంచి పని చేసినారు. మేము గూడా జోడే. ఆయన పోతే నన్ను గూడా ఆడికే పంపించండి. వాళ్లకు వంట చేస్తా. లేకుంటే ఆయన్ను ఈడనే ఉంచండి. మూడేండ్లు నేనొక్కదాన్నే ఉన్న్యా. మళ్లా నాతో కాదు బాబా."

బాబా చెడ్డవాడు కాదు. విసుక్కోలేదు, గద్దించలేదు. ఆటగాళ్ల గురించి ఆలోచించేటప్పుడు గడ్డం ఎలా నిమురుకుంటాడో అలాగే నిమురుకుని, నిజంగానే ఆలోచించాడు.

"ఫ్లాటు చిన్నది సంజూ. వంటమనిషికి గది లేదు. సిద్దీఖ్ అయితే కింద వాచ్‌మన్ గదిలో సర్దుకుంటాడు. కోడలికి డ్రైవరు లేకపోతే కాదు. ఇక్కడ నువ్వు లేకపోతే కాదు." ఒకటొకటిగా చెప్పి జాసిం వైపు చూశాడు. జాసిం అవునన్నాడు. "శుక్రవారాలు పంపిస్తాం. ప్రతి శుక్రవారం కాకపోయినా, వీలైనప్పుడు."

నేను మా ఆయన వైపు చూశాను. ఇంకేమైనా అంటాడని. దివానియా మొత్తాన్ని ఒప్పించిన మనిషి నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆయన దగ్గర ఉన్న ఒక్క మంచి మాటా వాళ్లు తీసేసుకున్నారు.

అప్పుడు మామా లేచి నా దగ్గరకు వచ్చింది. ఎప్పుడూ ముట్టుకోని మనిషి, తన తలగుడ్డ కొసతో నా చెంప తుడిచింది.

"పిచ్చిదానా, నువ్వు మాకెంత ముఖ్యమో నీకు తెలియదు. మా చెల్లెలు నిన్ను రెండుసార్లు అడిగింది. ఎంతిచ్చినా ఇవ్వనన్నాను. నిన్ను నేను ఎవరికీ ఇవ్వను."

అంత ప్రేమగా ఆ ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని మామా నన్ను దగ్గరకు తీసుకుంది.