కూజాదుంప పట్టిన ఆదివారం

రాళ్ళపాలెంలో వానాకాలం మనిషి ఇంటికి రాకపోతే ఎవరూ కంగారుపడరు. క్యారియర్‌లో అన్నం సర్ది, పైన కాస్త పచ్చడి వేసి సున్నపురాయి గట్టు మీదికి పంపిస్తారు. కూజాదుంప పట్టుకుని ఉంటుంది, అంతే. గొర్రెలవాళ్ళని పట్టింది, పత్తి తీతకి పోయే ఆడవాళ్ళని పట్టింది, ఒకసారి కరెంటు మీటర్లు చూసే అతన్ని కూడా పట్టింది. పాపం, ఆ నెల ఊరంతా వెళ్ళి గట్టు మీదే అతనికి రీడింగులు చెప్పి వచ్చారు.

దాని పువ్వు పచ్చిమిరపకాయంత ఉంటుంది. అడుగున బుడ్డి, పైన సన్నటి మెడ, అచ్చం కూజాలాగే. మెడ లోపల నూగు కిందికి వాలి ఉంటుంది. వాసనకొచ్చిన చిన్న ఈగ లోపలికి జారుతుంది గానీ పైకి ఎక్కలేదు. మర్నాడు మధ్యాహ్నానికి నూగు వాడాక, ఒంటికి పుప్పొడి అంటించుకుని బయటపడి ఇంకో పువ్వులో దూరుతుంది. మనుషులతోనూ దాని పద్ధతి అదే. విచ్చిన పువ్వు వాసన అందిందా, కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. పువ్వు వాడాకే వదులుతాయి.

దాచేపల్లి కాలేజీలో బాటనీ చెప్పే స్తుతి చిన్నప్పుడు గట్టు మీద ఈ మొక్కలు ఎక్కడపడితే అక్కడ ఉండేవి. సగం క్వారీ పేలుళ్ళకి పోయాయి, మిగతా సగం ఆమె బాబాయి జక్రయ్య కడుపులోకి పోయాయి. ఆ దుంప తింటే షుగరు దిగుతుందని ఆయనకెవరో చెప్పారట. ఆకు చూసి, పూత రాకముందే తవ్వుకుని తినేవాడు గనక ఆయన కాళ్ళు మాత్రం ఏనాడూ అతుక్కోలేదు. చివరికి గట్టు మీద ఒక్కటంటే ఒక్క మొక్క మిగిలింది. దాని పుప్పొడి దానికి పనికిరాదు, రెండో మొక్క కావాలి. స్తుతి కొండలన్నీ గాలించి, అటవీశాఖ వాళ్ళ కాళ్ళూవేళ్ళూ పడి, నల్లమల అంచు నుంచి ఒక దుంప తెచ్చి కుండీలో పెంచింది. ఏం లాభం? ఇది పూసినప్పుడు అది పూయదు, అది పూసినప్పుడు ఇది పూయదు.

ఈ అక్టోబరులో రెండూ ఒకేసారి మొగ్గ తొడిగాయి. స్తుతికి కాలు నిలవలేదు. కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంది, గట్టు మీద దానికంటే విలువైనది మన ఊళ్ళోనే లేదని, కాయలు పడితే మళ్ళీ గట్టు నిండుతుందని. శనివారం మధ్యాహ్నం కుండీలో పువ్వు విచ్చింది. పెరట్లో ఉన్నచోటే స్తుతి కాళ్ళు అతుక్కున్నాయి. ఆమె సంబరంగా కుర్చీ తెప్పించుకుని అక్కడే కూర్చుంది. పువ్వులోకి ఈగలు దూరాయి. కుండీ మీద దోమతెర కప్పి కట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం పువ్వు వాడింది, ఈగలు తెరలోకొచ్చాయి, ఆమె కాళ్ళు వదిలాయి. కుండీ చంకనెత్తుకుని గట్టు మీదికి ఒకటే పరుగు. తీరా చూస్తే అక్కడ మొక్క లేదు. గుంట ఉంది.

అది వీరమ్మ పని. ఆ ఆదివారం కోత పండుగ. చేలో మొదట చేతికొచ్చింది దేవుడి బల్ల ముందు పెట్టడం, ఆరాధన అయ్యాక వేలం వేసుకోవడం ఊరి ఆనవాయితీ. గుమ్మడికాయలు, కోళ్ళు, తొలితీత పత్తి, ఎవరికి ఉన్నది వాళ్ళు తెస్తారు. వీరమ్మకి సెంటు భూమి లేదు, జీవితమంతా పరాయి చేలల్లో కూలి. దేవుడికి ఏమివ్వాలా అని మథనపడుతుంటే స్తుతి మాట గుర్తొచ్చింది. ఊళ్ళోకెల్లా విలువైనదాన్ని తెల్లారేసరికి మన్నుతో సహా పెళ్ళగించి, బేసినులో పెట్టి మురిసిపోతూ మోసుకెళ్ళింది.

దారిలో గొర్రెలవాళ్ళు చెబితే విని స్తుతి చర్చికి చేరేసరికి వాన చినుకులు మొదలయ్యాయని వేలం లోపలే సాగుతోంది. వేలంపాట పాడించే ఫిలిప్ బల్లని చేత్తో చరిచి, బేసిను జక్రయ్యగారిదేనని ఖాయం చేశాడు. జక్రయ్య మొహం చూడాలి. ఈపాటికి మనసులో తాలింపు కూడా వేసేసుకుని ఉంటాడు. దేవుడికిచ్చింది వెనక్కి తీసుకోరు, పాట పాడుకున్నవాడిదే సొత్తు. సరిగ్గా ఆమె గడప దాటుతుండగా, జనం వేడికో ఏమో, బల్ల మీద మొగ్గ విచ్చుకుంది.

చర్చి చర్చంతా అతుక్కుపోయింది. కోళ్ళు పట్టుకున్నవాళ్ళు కోళ్ళతోనే ఉండిపోయారు. పాస్టరుగారు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి, ఇంటికి కబురెవరు చెబుతారా అని కిటికీ వైపు చూశారు. జక్రయ్య నడిమధ్యన ఆగిపోయాడు. జీవితంలో మొదటిసారి తన కాళ్ళకేసి చూసుకుని తెల్లబోయాడు.

గడప దగ్గర స్తుతి, ఆ చివర బల్ల దగ్గర వీరమ్మ. తెరలో ఈగలు ఎంతసేపు బతుకుతాయో తెలీదు. స్తుతి ఒక్క క్షణం ఆలోచించి కుండీ ముందున్న మనిషి చేతిలో పెట్టింది. చెయ్యి మారుతూ బల్ల దాకా పంపమంది. ఇంక చూడాలి ఆ హడావిడి! వంగేవాళ్ళు వంగుతున్నారు, చేతులు చాచేవాళ్ళు చాస్తున్నారు, తెర జాగ్రత్త, తెర జాగ్రత్త అని అందరూ కేకలే. పత్తి మూట మీదుగా, గుమ్మడికాయల మీదుగా కుండీ ఊగుతూ వెళ్ళి జక్రయ్య చేతుల్లో ఆగింది.

ఆయన దాన్ని పైకెత్తి బరువు చూశాడు. ఇందులోనూ దుంప ఉన్నట్టుందే అన్నాడు. చర్చంతా మెడలు చాచి ఆయన చేతులకేసి చూసింది.

"ఉంది బాబాయ్" అంది స్తుతి. "తింటే ఈ రెంటితో సరి. అందించావా, గట్టంతా దుంపలే."

"గట్టంతానా?"

"గట్టంతా."

జక్రయ్య లెక్కేసుకున్నాడు. మనిషి ఆశపోతు అయితే అయ్యాడు గానీ తెలివితక్కువవాడు కాదు. కుండీ ముందుకి అందించాడు.

వీరమ్మ బేసిను పక్కనే కుండీ దించి, రెండు మొక్కలకీ కలిపి తెర కప్పింది. ఈగ ఒకటి పువ్వు మూతి మీద వాలింది, అటూ ఇటూ తిరిగింది, లోపలికి జారింది. దాని వెనకే ఇంకోటి. వీరమ్మ చెయ్యెత్తి చూపించేసరికి చర్చిలో పడ్డ చప్పట్లకి కోళ్ళన్నీ ఎగిరాయి. స్తుతి గడపలోనే కూలబడి నవ్వుతూ ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం పువ్వు వాడింది. అందరి కాళ్ళూ వదిలాయి. జక్రయ్యవి వదల్లేదు. ఫిలిప్ నడుం పట్టుకుని లాగాడు, పాస్టరుగారు ప్రార్థన చేశారు, లాభం లేకపోయింది. స్తుతి బేసినెత్తుకుని నాలుగడుగులు వేస్తే మాత్రం వెనకాలే ఆయన కాళ్ళూ కదిలాయి. అది ఎటుపోతే అటే. దీనికి ఆశ్చర్యపోయే తీరిక ఎవరికీ లేదు. మంచం ఎవరు మోస్తారు, టార్పాలిన్ ఎవరింట్లో ఉంది, షుగరు బిళ్ళలు ఎవరు తెస్తారు, ఇవే మాటలు. దుంపని దాని గుంటలోనే నాటారు. పక్కనే జక్రయ్య మంచం వేశారు.

మొదట్లో ఆయన ఊరందర్నీ తిట్టాడు. తర్వాత పొద్దుపోక మొక్క చుట్టూ ముళ్ళకంప కట్టాడు. ఆ తర్వాత మేకల్ని తిట్టాడు. క్వారీ వాళ్ళు టేపు పట్టుకుని కొలతలకొస్తే మంచం మీంచి లేచి ఎంత గొడవ చేశాడంటే, వాళ్ళు టేపు చుట్టుకుని వెళ్ళిపోయారు. కొమ్ముల్లాంటి జంట కాయలు వేలెడంత అయ్యాయని, జానెడయ్యాయని స్తుతికి రోజూ ఫోన్లు.

కళ్ళాల్లో మిర్చి ఎర్రగా ఎండుతున్న రోజుల్లో కాయలు పగిలాయి. పట్టులాంటి దూదితో గింజలు గాల్లోకి లేచాయి. జక్రయ్య కేకకి కింద చేలో ఉన్న స్తుతి, వీరమ్మ తలెత్తి చూశారు. ఆయన గట్టు దిగి పరిగెత్తుకొస్తున్నాడు, తలపాగా ఊడి మెడలో పడింది. అవి ఎక్కడ పడతాయో చూడండే అని అరుస్తూ వాళ్ళని దాటి పత్తి చేలోంచి దూసుకుపోయాడు. కాళ్ళు వదిలిన సంగతి ఆయన గమనించనే లేదు.

సాయంత్రం మంచం ఇంటికి చేర్చడానికి ఫిలిప్ వచ్చాడు. జక్రయ్య పంచె నిండా అంటుకున్న పల్లేరుకాయలు పీక్కుంటూ మళ్ళీ గట్టు మీదే కూర్చుని ఉన్నాడు. మంచం ముట్టుకోవద్దన్నాడు.

"మొలకలు లేచేదాకా ఉండనీరా. తినేవాళ్ళున్నారు ఈ ఊళ్ళో."