వైపర్ల కింద చెయ్యి

అందరి కార్లూ బాగుచేసే మెకానిక్‌కు సొంత కారు వైపర్లు చూసుకునే తీరిక లేకపోయింది. ఎండల్లో వాటితో పనేముందిలే అనుకున్నాడు. ఆ తిక్క వాన కుదిర్చింది. ఆపరేషన్ తర్వాత భార్యకు రక్తం ఆగడం లేదని ఆసుపత్రి నుంచి కబురు. ఆమె గ్రూపు రక్తం ఎక్కడా దొరకలేదు, ఆమె తమ్ముడి ఒంట్లో తప్ప. ఇంటి వాటా దగ్గర మాటా మాటా పెరిగి, ఆ బావా బావమరుదులకు ఏళ్ల తరబడి మాటల్లేవు. అయినా సిగ్గు విడిచి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. "మీ అక్కకి రక్తం..." అన్నాడు. బావమరిది చెప్పులేసుకుని వచ్చి కారెక్కాడు.

సగం దారిలో ఆకాశానికి చిల్లుపడ్డట్టు వాన. వైపర్లు రెండుసార్లు ఊగి అద్దం మధ్యలో చతికిలబడ్డాయి. ముందున్నది రోడ్డో కాలువో తెలియదు. మెకానిక్ బండి పక్కకాపి చెవి ఒగ్గి విన్నాడు. మోటారు గుర్రుమంటూనే ఉంది. అంటే ఫ్యూజు పోలేదు, మోటారూ పోలేదు. మోటారు నుంచి వైపర్లకు వెళ్లే కడ్డీ ఊడింది. స్విచ్ కట్టేసి, బానెట్ ఎత్తి, అద్దం కింది మూత విప్పి చూస్తే అదే. కడ్డీని పట్టి ఉంచే ప్లాస్టిక్ బుష్ అరిగి పిండైపోయింది. అతని మొద్దు వేళ్లు ఆ సందులో పట్టలేదు. బావమరిది అతన్ని పక్కకు జరిపి, తన సన్నటి చెయ్యి దూర్చి, కడ్డీని ఇనుప తీగతో కట్టసాగాడు.

మెకానిక్ లోపల కూర్చుని స్విచ్ మీద వేలు పెట్టాడు. చెయ్యి తీశావా అని ఒక్క ముక్క అడగాలి. కొత్తగా పనిలో చేరినవాడికి మొట్టమొదట నేర్పేది అదే. అతను అడగలేదు. అవతలివాడూ చెప్పలేదు. ఎత్తిన బానెట్ వెనక ఏమీ కనిపించడం లేదు. అక్కడ ఆమె ప్రాణం పోతుంటే ఇంకా ఎంతసేపని, స్విచ్ వేసేశాడు.

వైపర్లు ఆడాయి. బావమరిది కేక పెట్టాడు.

స్విచ్ కట్టేసి పరుగెత్తుకెళ్లి చూస్తే, రెండు వేళ్లు చీరుకుపోయి రక్తం వాననీళ్లలో కలుస్తోంది. మెకానిక్ చొక్కా చించి ఆ వేళ్లకు చుట్టి, చేతిని గుండెకు అదుముకుని చంటిపిల్లాడిలా భోరుమన్నాడు.

"ఒక్క చుక్క కూడా కింద పడనీయకురా. అది మీ అక్కది."

బావమరిది పళ్ల బిగువున నొప్పి ఓర్చుకున్నాడు.

"అక్కకి సరిపడా ఉంది బావా. ఆ తీగ తెగేలోపు బండి తియ్యి."