షామియానాలో మర్చిపోయిన నిద్ర

పొద్దున్నే లేచి కుర్చీలు తుడవడం ఆరోన్‌కి అలవాటు. లేచి అని మాటవరసకి అన్నాను గానీ, పడుకుంటే కదా లేవడానికి! భార్య వినీలతో విడిపోయిన దగ్గర్నుంచీ అతని కంటి మీద కునుకన్నది లేదు. కంకిపాడులో అందరికీ తెలిసిన సంగతే అది. పెళ్ళిళ్ళవాళ్ళకైతే అదే నచ్చేది. "ఆరోన్‌కి అప్పజెప్పండి, తెల్లారేదాకా రెప్ప వెయ్యకుండా కాపలా కాస్తాడు" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. అతని ఎబెనెజరు టెంట్ హౌస్‌కి అంతకన్నా బోర్డు అక్కర్లేకపోయింది.

ఆ వేసవిలో పెళ్ళిళ్ళూ లేవు, పందిళ్ళూ లేవు. కరోనా వచ్చి ఊళ్ళన్నీ మూతబడ్డాయి. ఇంటికి ఆనుకుని ఉన్న గోడౌన్‌లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కప్పుని తాకుతున్నాయి. ఊరందరినీ కూర్చోబెట్టిన మనిషికి తన పక్కన కూర్చునే దిక్కు లేకుండా పోయింది. అయినా రోజూ తుడిచేవాడు. తుడవకపోతే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు పాపం.

తుడవడం అయ్యాక ఒక కుర్చీ లాక్కుని గోడౌన్ మూలకి వెళ్ళి కూర్చునేవాడు. అక్కడ మడతపెట్టిన ఎర్ర షామియానా మీద అతని కూతురి నిద్ర ఉంది. కూతురు కాదు. కూతురు కెజియా గుణదలలో వాళ్ళమ్మ దగ్గరుంది. నిద్ర మాత్రం ఇక్కడుంది.

ఎలా ఉండిపోయిందంటే, తప్పు ఆరోన్‌దే. వారమంతా అమ్మ దగ్గర, శని ఆదివారాలు నాన్న దగ్గర అని కోర్టులో రాసుకున్నారు. మార్చిలో ఓ శనివారం మధ్యాహ్నం పిల్ల పప్పుచారన్నం తిని, షామియానా గుట్ట మీద బోర్లా పడి నిద్రపోయింది. అంతలో వినీల ఫోను.

"రేపంతా కర్ఫ్యూ అంట. ఆ తర్వాత ఏమవుద్దో ఎవరికీ తెలీదు. ఇప్పుడే తీసుకొచ్చెయ్."

"ఆదివారం నాది కదా."

"నీది నాది అని వాదించే టైమా ఇది? రోడ్లు మూసేస్తే పిల్ల ఎక్కడిదక్కడ ఇరుక్కుపోతుంది!"

ఆరోన్‌కి ఒళ్ళు మండింది. డ్రాయింగ్ పుస్తకం, వాటర్ బాటిల్, రిబ్బన్లు బ్యాగులో కుక్కి, పిల్లని భుజానేసుకుని బండెక్కించాడు. అన్నీ సర్దాడు మహానుభావుడు, అసలుది మర్చిపోయాడు. మనవైపు పసిపిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. నిద్రలో ఉన్న పిల్లని ఎత్తుకెళ్ళేటప్పుడు పేరు పెట్టి, "రా తల్లీ, ఇంటికెళ్దాం" అని పిలిచి మరీ ఎత్తుకోవాలి. పిలవకపోతే పిల్ల వస్తుంది గానీ నిద్ర పడక మీదే ఉండిపోతుంది.

పిల్లని దిగబెట్టి తిరిగొచ్చి చూస్తే షామియానా మెల్లగా లేస్తూ దిగుతూ ఉంది. సన్నటి ఊపిరి. మధ్యమధ్యలో పళ్ళు కొరుకుతున్న చప్పుడు. దగ్గరికెళ్తే పిల్ల తలకి రాసుకునే కొబ్బరినూనె వాసన. వెంటనే ఫోన్ చేద్దామనే అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ ఆ సాయంత్రం ఇల్లు ఇల్లులా అనిపించింది. రేపు చేద్దాంలే అనుకున్నాడు. తెల్లారేసరికి నిజంగానే రోడ్లు మూసేశారు.

అలా ఆ రేపు రోజూ ముందుకు జరుగుతూ పోయింది. ఆరోన్ అన్నం కంచం తెచ్చుకుని ఆ నిద్ర పక్కనే తినేవాడు. దోమలు రాకుండా బత్తి వెలిగించేవాడు. నిద్రకి దోమలు కుడతాయా అని మీరడగొచ్చు. తండ్రి ప్రాణం, ఏం చెప్తాం!

సాయంత్రం వీడియో కాల్ వచ్చేది. వినీల ఒక స్కూల్లో లెక్కల టీచరు. పొద్దస్తమానం ఫోన్లో పాఠాలు చెప్పి, ఆ ఫోనే కెజియాకిచ్చేది. పిల్ల కళ్ళు గుంటలు పడ్డాయి.

"నాన్నా, నాకు నిద్ర రావట్లేదు."

"వస్తుందిలే అమ్మా."

"కళ్ళు మూసుకుంటే లోపల కూడా వెలుగే ఉంటోంది."

వెనక నుంచి వినీల గొంతు. "పడుకోబెట్టి పడుకోబెట్టి నా చేతులు పడిపోతున్నాయి. నిన్న నడుస్తా నడుస్తా గోడకి గుద్దుకుంది. డాక్టరు గారు ఫోన్లోనే చూసి సిరప్ రాశారు. ఏం పనిచెయ్యలా."

ఆమె వెనక ఏదో గరగరమని చప్పుడు. పాత ఫ్రిజ్ ఇంకా మార్చలేదన్నమాట అనుకున్నాడు ఆరోన్. తన వెనక వినిపిస్తున్న ఊపిరి వాళ్ళకి వినపడకూడదని ఫోన్ పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. అతనికి సిగ్గేసింది. పిల్ల అలా అయిపోతుంటే సిగ్గుపడి ఊరుకున్నాడు, అంతే. మనిషి ఒంటరితనంలో ఎంత దొంగైపోతాడో చూడండి.

ఆ దొంగతనం పక్కింటి సంపూర్ణమ్మ దగ్గర బయటపడింది. ఓ మధ్యాహ్నం ఆవిడ గోంగూర పచ్చడి గిన్నెతో వచ్చి, ముక్కు మీద గుడ్డ పక్కకి లాగి చెవి రిక్కించింది.

"ఎవరబ్బాయ్ లోపల?"

"ఎవరూ లేరు పిన్నీ."

ఆవిడ వినిపించుకోకుండా మూలకి వెళ్ళి, షామియానా మీద చెయ్యి వేసింది. ఇద్దరు మనవళ్ళని పెంచిన చెయ్యి అది, ఇట్టే పోల్చుకుంది.

"కెజియా నిద్ర కదూ ఇది? ఎన్నాళ్ళ నుంచి ఉందిరా ఇక్కడ?"

ఆరోన్ తుడిచిన కుర్చీనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

"ఓరి నీ అఘాయిత్యం కూలా! ఆ పసిదాని నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టే కదరా ఇది!"

"ఇది కూడా పోతే నాకింకేం లేదు పిన్నీ" అన్నాడు ఆరోన్. "ఇదొక్కటే ఇంట్లో ఊపిరి తీస్తోంది."

సంపూర్ణమ్మ షామియానా అంచు సర్దింది. గిన్నె కుర్చీ మీద పెట్టి, "అన్నం తిను ముందు. రేపు హనుమయ్య పాలవ్యాన్ ఎక్కు. దానికి పర్మిషనుంది" అని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆరోన్ షామియానాని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని హనుమయ్య పక్కన కూర్చున్నాడు. హనుమయ్య అరవై దాటిన మనిషి, మర్యాద మరీ ఎక్కువ. "కిటికీ గాలి తగుల్తుందేమో, అద్దం ఎత్తండి ఆరోన్ గారూ" అని, గతుకు వచ్చిన ప్రతిచోటా వ్యాన్‌ని పాకించాడు. బెంజి సర్కిల్ దగ్గర కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

"ఏంటయ్యా ఆ మూట?"

"మా పాప నిద్రండి. పాప గుణదలలో ఉందండి. ఇచ్చేసి వస్తాం."

కానిస్టేబుల్ వంగి విన్నాడు. లాఠీ చంకలో పెట్టుకుని గొంతు తగ్గించాడు. "పొండి, పొండి. హారన్ కొట్టకండి." అవతల విజిల్ ఊదుతున్నవాణ్ణి చేత్తో ఆపాడు కూడా.

వినీల వాళ్ళ వీధిలో ఎవరికో కరోనా వచ్చిందట. వీధి మొదట్లో సరుగుడు బొంగులు అడ్డంగా కట్టేశారు. ఆ తాడు ముడి చూడగానే ఆరోన్ పోల్చుకున్నాడు. ఎవరో తనలాంటి టెంట్ హౌస్ కుర్రాళ్ళు కట్టిందే. పెళ్ళిపందిరి బొంగులు.

ఆరోన్ ఫోన్ చేస్తే వచ్చి బొంగులకి అవతల వినీల, ఆమె నడుము పట్టుకుని కెజియా నిలబడి ఉన్నారు. ఇద్దరికీ మాస్కులు. పిల్ల ఇంతలోనే చిక్కి సగమైంది. వినీల అలవాటుగా షామియానా మీద చల్లబోయి శానిటైజర్ బుడ్డి పైకెత్తింది.

"కొట్టొద్దు, ఉలిక్కిపడుతుంది" అన్నాడు ఆరోన్.

అప్పుడు విందామె ఆ ఊపిరిని. బుడ్డి దించేసింది.

"ఇది నీ దగ్గరుందని నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచీ తెలుసు."

"నీకు మనసెలా ఒప్పింది? పిల్ల గోడలకి గుద్దుకుంటోందని రోజూ చెప్తూనే ఉన్నా కదా!"

"తప్పే" అన్నాడు ఆరోన్.

కెజియా బొంగు సందులోంచి షామియానాకి చెవి ఆనించింది. "నేను ఇంత చప్పుడు చేస్తానా నాన్నా?"

"చేస్తావమ్మా. పళ్ళు కూడా కొరుకుతావ్."

అతను షామియానాని బొంగు మీద ఆన్చి, వంగి, కూతురి నెత్తికి దగ్గరగా పిలిచాడు. "కెజియమ్మా, రా తల్లీ, ఇంటికెళ్దాం." వెళ్ళేది అతను కాదు. అయినా పిలుపు అలాగే పిలవాలి. గుడ్డ ఒక్కసారి పైకి లేచి, చప్పగా పడిపోయింది. కెజియా నోరంతా తెరిచి ఆవలించింది. అమ్మ భుజమ్మీద వాలీ వాలకముందే నిద్రపోయింది.

ఆరోన్ చేతుల్లో గుడ్డ ఉత్త గుడ్డైపోయింది. ఇంక తన ఇంట్లో ఏముంది? వెనక్కి తిరిగాడు.

"ఆగు" అంది వినీల.

పిల్లని లోపల పడుకోబెట్టి వచ్చింది. ఆమె చేతుల్లో చారల దుప్పటి మడత ఉంది. లోపల్నుంచి గరగరమని చప్పుడు వస్తోంది. ఫ్రిజ్ అనుకున్నాడే, అది ఇదే. గురక!

"నీదే" అంది వినీల. "నువ్వెళ్ళిపోయిన పొద్దుట్నుంచీ హాల్లో సోఫా మీదే ఉంది."

ఆరోన్‌కి ఆ పొద్దున గుర్తొచ్చింది. గొడవపడి సోఫాలో పడుకుని, మళ్ళీ గొడవతోనే లేచి, చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా వెళ్ళిపోయాడు.

"నువ్వు గుమ్మం దిగుతుంటే నేను చూస్తా నిలబడ్డా. పిలవలేదు" అంది వినీల. "పిలిస్తే ఆగేవాడివేమో కూడా. తర్వాత దీన్ని పంపిద్దామనే అనుకున్నా. కానీ ఇంట్లో ఒక్కదాన్నే అన్న భయం ఈ గురక వింటే పోయేది. నాకు నువ్వొద్దు. ఇది మాత్రం ఉండనీ అనుకున్నా. నిన్నేమంటాను, నేనూ అంతేగా."

ఇద్దరూ బొంగులకి చెరోవైపు నిలబడ్డారు. వీధిలో మనిషి లేడు. ఎక్కడో కుక్కర్ విజిల్ వేసింది. విడాకుల కాగితాలు ఎప్పుడో అయ్యాయి గానీ, ఒకరిది ఒకరికి ఇచ్చుకోవడం ఇప్పుడవుతోంది. అది ఇంత కష్టంగా ఉంటుందని ఇద్దరికీ తెలియదు.

వినీల దుప్పటిని బొంగు మీద ఆన్చింది. విడిపోయాక అతన్ని పేరు పెట్టి పిలిచి ఎరగదు. ఫోన్లో "హలో, పిల్లకిస్తున్నా" అనడమే.

"ఆరోన్" అని పిలిచింది. తర్వాత మాట దగ్గర ఆగిపోయింది. రా అనడం అబద్ధం. వెళ్దాం అనడం అంతకన్నా అబద్ధం. కళ్ళు తుడుచుకుని, "ఇంటికెళ్ళు" అంది.

పిలుపు సగమే అయినా నిద్ర విన్నట్టుంది. దుప్పటి చప్పబడింది. ఆరోన్ రెప్పలు ఒక్కసారి బరువెక్కాయి. "శనివారం..." అన్నాడు తూలుతూ.

"రోడ్లు తెరవగానే పంపిస్తా. ఈసారి దిగబెట్టేటప్పుడు పిలిచి తీసుకురా."

వ్యాన్ బెంజి సర్కిల్ దాటకుండానే ఆరోన్ తల హనుమయ్య భుజమ్మీద వాలింది. హనుమయ్య రేడియో కట్టేశాడు. దారి పొడుగునా ఆ గురకకి ఖాళీ పాలక్యాన్లు సన్నగా మోగుతూనే ఉన్నాయి. కంకిపాడు వచ్చేసరికి సంపూర్ణమ్మ గోడౌన్ ముందు నిలబడి ఉంది. తొంగి చూసి, బుగ్గ మీద చెయ్యి వేసుకుంది.

"లేపనా అమ్మా?" అన్నాడు హనుమయ్య.

"అమ్మో, లేపకు! అలాగని ఊరికే దింపకు. నిద్ర నీ వ్యాన్లోనే ఉండిపోతుంది. పేరు పెట్టి పిలువు."

"నేనా?" అన్నాడు హనుమయ్య. ఇన్నేళ్ళ పరిచయంలోనూ ఆయన అతన్ని గారు అనకుండా పిలవలేదు. "ఇంట్లోవాళ్ళు పిలవాలి కదమ్మా."

"ఇంట్లో ఎవరున్నారయ్యా వాడికి? నీ భుజమ్మీదేగా పడుకున్నాడు."

హనుమయ్య మాస్కు కిందికి లాగి, మళ్ళీ గుర్తొచ్చి పైకి లాక్కున్నాడు. గొంతు సవరించుకుని, అతని చెవి దగ్గరికి వంగాడు.

"ఆరోనూ... రా నాయనా, ఇంటికెళ్దాం."

ఆరోన్ కళ్ళు తెరవలేదు. చిన్నపిల్లాడిలా రెండు చేతులూ చాపి, ఆయన మెడ చుట్టూ వేశాడు.