గదిలో ఇంకెవరున్నారు

“ఇంట్లో ఇబ్బందేమీ లేదు సార్. మా ఆవిడ రెడీ,” అన్నాడతను ఫోన్లో.

ఆ రెడీగా ఉన్న ఆవిడ అతనికి నాలుగడుగుల దూరంలో, సింకు దగ్గర నిలబడి, అతని యూనిఫాం కాలరుకు పట్టిన మసిని పాత బ్రష్షుతో రుద్దుతోంది. దేనికి రెడీగా ఉందో పాపం ఆమెకే తెలియదు. ఫోను పెట్టేశాక అడిగితే తెలిసింది. కొత్త రేవు దగ్గర అగ్నిమాపక కేంద్రం తెరుస్తున్నారట, దానికి అధికారిగా ఇతన్ని మూడేళ్ళు పంపుతున్నారట. కుటుంబంతో వస్తే ఇల్లిస్తారు, లేకపోతే ఒంటరిగా ఒక గది. వెంట వస్తున్నానని భార్య సంతకం చేయాలి. “కాయితం బల్ల మీద పెట్టాను. సంతకం చేసి ఉంచు, సాయంత్రం తీసుకుంటాను,” అని టీ సగంలో వదిలేసి, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. అడగడమనేది అతనికి తట్టలేదు. ఆమె కూడా, నిజం చెప్పాలంటే, అప్పుడేమీ అనలేదు. కాలరు రెండోసారి సబ్బు పెట్టి ఉతికి ఆరేసింది.

అతను చెడ్డవాడైతే ఇంత చిక్కు ఉండకపోను. తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. కాలిపోతున్న మేడలోంచి ఎవరి బిడ్డనో భుజాన వేసుకుని దిగిన మనిషి. వీధిలో నడుస్తుంటే ముసలివాళ్ళు కూడా లేచి నిలబడతారు. అలాంటివాడి మీద ఏమని ఫిర్యాదు చేస్తారు? వేళకు ఇంటికి రాడనా? ఎవరితో చెప్పినా నవ్విపోతారు. కూతురు పుట్టిన రోజున అతను ఏదో గోదాము మంటల దగ్గర ఉన్నాడు. నొప్పులు పడుతూ పక్కింటావిడ చెయ్యి పట్టుకుని ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. తర్వాత బిడ్డను చూడవచ్చిన అత్తగారు, “నువ్వు ఒక్కదానివేగా కన్నది. అక్కడ పదిమంది చావుబతుకుల్లో ఉన్నారు,” అన్నారు. ఇంకోసారి ఆమె కాస్త గొంతు పెంచితే, “మంటల్లోంచి వచ్చినవాడికి ఇంట్లో మళ్ళీ మంట పెట్టకమ్మా,” అన్నారు. ఆవిడ మాటలు ఎప్పుడూ అంతే, తిరిగి జవాబు చెప్పడానికి సందు దొరకదు.

పెళ్ళైన ఈ పదిహేడేళ్ళలో నాలుగు ఊళ్ళు మారారు. మూడు ఉద్యోగాలు వదిలేసింది. బళ్ళో లైబ్రరీ పని, ఒక డాక్టరు దగ్గర రిజిస్టరు రాసే పని, రేడియోలో అప్పుడప్పుడూ వార్తలు చదివే పని. వదిలిన ప్రతిసారీ అతను, “నీదేముందిలే, ఎక్కడైనా దొరుకుతుంది,” అని ఓదార్చేవాడు. అతని డ్యూటీ మాత్రం ఎక్కడబడితే అక్కడ దొరికేది కాదు మరి. పోయినేడు కూతురు హాస్టల్లో చేరాక, ఇక తన పని తాను నిలబెట్టుకోవచ్చనుకుంది. ఇప్పుడున్న ఈ నాలుగో ఉద్యోగం, వాళ్ళే అడిగి మరీ ఇచ్చినది, ఆ రేవులో దొరకదు.

చూపు లేనివాళ్ళు టీవీ కార్యక్రమాలు వినడానికి వీలుగా, తెర మీద జరిగేదాన్ని మాటల్లో చెప్పడం ఆమె పని. పాత్రలు మాట్లాడేటప్పుడు అడ్డురాకూడదు. వాళ్ళు ఊపిరి పీల్చుకునే సందులో, రెండు మూడు క్షణాల్లో, అక్కడేం కనబడుతుందో చెప్పేయాలి. ఈమధ్యే స్టూడియో యజమాని ఒక పాత అంతరిక్షం సీరియల్ మొత్తం, నలభై భాగాలు, ఆమె చేతిలో పెట్టాడు. “మీ గొంతు తప్ప ఇంకొకటి వద్దండీ,” అన్నాడు. ఆ మాట ఆమె మూడు రోజులు మోసుకు తిరిగింది.

ఆ రోజు పని పదకొండో భాగం. అంతరిక్ష ఓడ కమాండరూ, అతని భార్యా ఆరేళ్ళ తర్వాత సెలవు మీద ఇంటికి బయలుదేరాలి. ఇంతలో ఎక్కడో చల్లారిపోతున్న సూర్యుడి దగ్గర చిక్కుకున్నవాళ్ళ నుంచి కబురు వస్తుంది. కమాండరు వెళ్ళాలి. ఎందుకు వెళ్ళాలో భార్యకు తమ గదిలో నాలుగు నిమిషాలు చెబుతాడు. చెప్పడమంటే మామూలుగా కాదు, వింటుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. చివర్లో భార్య, “వెళ్ళి రండి,” అంటుంది. అంతే, భాగం అయిపోతుంది.

రికార్డు చేసింది విని తప్పులు చెప్పడానికి స్టూడియోకు ఒక పెద్దావిడ వచ్చేది. పుట్టుకతోనే చూపు లేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది కనుక అందరూ టెలిఫోన్ మేడం అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళు గొంతులతోనే కాపురం చేశాను, అబద్ధమాడే ముందు మనిషి ఊపిరి ఎలా తీస్తాడో నాకు తెలుసు అని గొప్పలు పోయేది. ఆ రోజూ భోజనాలయ్యాక వచ్చి, హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని, పదకొండో భాగం మొత్తం కదలకుండా వింది.

“బాగుందమ్మాయ్,” అంది. “కానీ ఆ భార్య ఎప్పుడు వెళ్ళిపోయింది?”

“ఎక్కడికి మేడం?”

“అదే నేనూ అడుగుతున్నాను. ఆయన అంతసేపు బాధ్యత, బాధ్యత అని మాట్లాడాడే, అప్పటికే ఆవిడ లేదు కదా. ఖాళీ గదిలో తనలో తను మాట్లాడుకుంటున్నాడు, మతి చలించింది కాబోలు అనుకున్నాను. చివర్లో ఆడగొంతు వినబడేసరికి ఉలిక్కిపడ్డాను. గదిలోనే ఉందా ఏమిటి?”

“ఉంది మేడం. మొదట్నించీ ఉంది.”

“మరి ఏం చేస్తోంది?”

ఆమె వీడియో వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. ఆ దృశ్యం అప్పటికి ఇరవైసార్లు చూసి ఉంటుంది. కమాండరు కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడు. అతని వెనక, కొంచెం మసకగా, భార్య. మంచం మీద సెలవుకని సర్దుకున్న తన పెట్టె ఉంది. ఆమె దాన్ని తెరిచింది. ఒక గౌను తీసి అలమరలో తగిలించింది. ఇంకొకటి తీసింది. చెప్పులు తీసి మంచం కింద పెట్టింది. అతను త్యాగం గురించి చెబుతున్నంతసేపూ, ఒక్కొక్కటే, చప్పుడు కాకుండా, పెట్టె ఖాళీ చేసింది. మూత వేసింది. వెళ్ళి రండి అంది.

ఆ సందుల్లో ఈమె రాసి చదివినవి ఏమిటంటే, ‘కిటికీలో నక్షత్రాలు,’ ‘గోడ మీద ఎర్రదీపం వెలిగింది,’ ‘కమాండరు పిడికిలి బిగించాడు.’

ఆమె చూసిందంతా చెప్పింది. పెద్దావిడ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“మనిషి తన పెట్టె తను విప్పేసుకుంటుంటే, నువ్వు నాకు దీపం గురించి చెప్పావా అమ్మా,” అంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఆమెకు చచ్చేంత సిగ్గేసింది. ఇంకెవరైనా రాసి ఉంటే చదివి తిట్టుకునేది. రాసింది తను. నాలుగు ఊళ్ళలో పెట్టెలు సర్ది, విప్పి, మళ్ళీ సర్దిన మనిషి రాసింది. ఆ భార్యను ఎవరూ దాచలేదు. తెర మీద అందరికీ కనబడేలాగానే ఉంది. తను కూడా మాట్లాడేవాడినే చూసింది.

మళ్ళీ రాసింది. నక్షత్రాలు తీసేసింది, పిడికిలి తీసేసింది. ‘భార్య పెట్టె తెరిచింది’ అన్న చోట నాలుగుసార్లు ఆగి మళ్ళీ చదవాల్సి వచ్చింది. పెద్దావిడ ఓపిగ్గా కూర్చుంది.

“మొహం ఎలా ఉంది ఆవిడది?”

“అలిసిపోయి ఉంది.”

“కనబడుతోందా, నువ్వు అనుకుంటున్నావా?”

“కనబడుతోంది మేడం.”

“అయితే చెప్పు,” అంది పెద్దావిడ.

సాయంత్రం అతను ఆరింటికే వచ్చాడు. అది వింతే. ఉత్సాహంగా ఉన్నాడు. బూట్లు విప్పుతూ రేవు గురించి, చమురు ట్యాంకుల గురించి, అక్కడ నిప్పంటుకుంటే ఊరికి ఊరే లేచిపోతుందన్న దాని గురించి చెప్పాడు. ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను చెబుతూ చెబుతూ బల్ల వైపు చూశాడు.

“సంతకం పెట్టలేదే, మర్చిపోయావా?”

“మర్చిపోలేదండీ. నేను రావట్లేదు.”

“ఏమైంది? మా అమ్మేమన్నా అన్నదా?”

“ఆవిడేమీ అనలేదు. నేనే అంటున్నాను.”

అతను నిజంగానే తెల్లబోయాడు. “పొద్దున సారుతో చెబుతుంటే అక్కడే ఉన్నావుగా. అప్పుడే అనొచ్చుగా.”

“అనాల్సింది. నాదే తప్పు. ఇప్పుడంటున్నాను. నా పని ఇక్కడుంది, నేను ఇక్కడే ఉంటాను.”

“మరి అక్కడ ప్రాణాలు...”

“మీరు వెళ్ళండి. వెళ్ళొద్దని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.”

అతను కాయితం చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టాడు. మంటల్లోకి దూకేవాడి కళ్ళలో ఆమె ఎప్పుడూ చూడని బెదురు కనబడింది. “డ్యూటీ దిగి వచ్చేసరికి తాళం వేసిన గది. తిన్నావా అని అడిగేవాళ్ళు ఉండరు. ఒంట్లో బాగోకపోతే చెప్పుకోవడానికి మనిషి ఉండదు. ఒక్కణ్ణే ఎలా ఉండను?” అన్నాడు.

ఆమెకు జాలేసింది. ఉత్తుత్తి జాలి కాదు, గుండె కరిగే జాలి. చెయ్యి దానంతటదే కాయితం పక్కనున్న పెన్ను దాకా వెళ్ళి, అక్కడ ఆగింది.

“మొదటి రెండేళ్ళే కష్టంగా ఉంటుందండీ,” అంది ఆమె మెల్లగా. “తర్వాత అలవాటైపోతుంది.”