ఆరు స్వరాల బరువు

"మోకాలు వంచు, లే, వంచు, లే... ఆ చివర నిలబడ్డ మహారాణిగారూ, తమరు కూడా!"

డాన్సు మాస్టారు కేక విని, మూలన పియానో వాయిస్తున్న ఆవిడ తల ఎత్తకుండానే ఆ మహారాణి ఎవరో గ్రహించింది. నేల చెక్కల మీద ఒక పాదం చప్పుడు మిగతావాటికి రవ్వంత వెనకపడుతోంది. మేనకోడలిది. ఎప్పుడూ వెనకపడని పాదం అది. ఇవాళ దాని ధ్యాస ఇక్కడ లేదు.

ఆవిడకు మాత్రం ఉందా? వేళ్ళు చల్లబడిపోయాయి. కుడిచేతికి కాస్త ఖాళీ దొరికినప్పుడల్లా ఒళ్ళో పెట్టి రుద్దుకుంటోంది.

పిల్లలు ఆవిణ్ణి ఒకట్రెండక్క అంటారు. మెట్లెక్కుతున్నా, కూర తరుగుతున్నా ఆవిడ పెదాల మీద లెక్క ఆడుతూనే ఉంటుంది మరి. ఈ మేడమీది డాన్సుబడిలో చేరిననాడు నల్లగా నిగనిగలాడిన జుట్టు ఈ పియానో ముందే నెరిసింది. ఆవిడ వాయిస్తే చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు. ఆవిడ వాయిస్తే జనం మోకాళ్ళు వంచుతారు, ఆపితే చెమట తుడుచుకుంటారు. అంతే. అందుకు బాధపడ్డదీ లేదు. అన్నయ్యా వదినా విడిపోయి చెరో ఊరు పట్టుకున్నాక, వాళ్ళ పిల్ల ఆవిడ దగ్గర మిగిలిపోయింది. ఇక బాధపడే తీరిక ఎక్కడిది?

ఆ పిల్లకు ఏడేళ్ళప్పుడు, వంటింటి గట్టు మీద కూర్చుని సంగీతం కాగితం తిరగేస్తూ మొహం చిట్లించింది.

"పైన ఆరు, కింద ఎనిమిది. ఇదేంటత్తా, భిన్నమా? ఇక్కడ కూడా లెక్కలేనా?"

"లెక్క కాదే, నడక. నిలువు గీతల మధ్య గడులున్నాయి చూడు. ఒక్కో గడిలో ఎన్ని దెబ్బలో పై అంకె చెబుతుంది. ఏ సైజు స్వరం ఒక దెబ్బో కింది అంకె చెబుతుంది."

పిల్ల ఆవలించింది. ఆవిడ వలుస్తున్న చిక్కుడుగింజల్లోంచి ఆరు తీసి గట్టు మీద పేర్చింది. మూడు ఇటు, మూడు అటు. "ఒకటీ రెండూ మూడూ, ఒకటీ రెండూ మూడూ. ప్రతి గుంపులో మొదటిదాని మీద ఒరుగు." పిల్ల ఒరిగింది. ఊయల ఊగినట్టు అటూ ఇటూ ఊగింది. ఆవిడ గింజల్ని జరిపి మూడు జతలు చేసింది. "ఇప్పుడు? ఒకటీ రెండూ, ఒకటీ రెండూ, ఒకటీ రెండూ."

"అవే గింజలు కదా?"

"అవే. కాగితం మీద దీని అంకెలు మాత్రం వేరు. పైన మూడు, కింద నాలుగు. బరువు ఎక్కడ వేశావో దాన్నిబట్టి నడక మారిపోతుంది."

పిల్ల గట్టు మీంచి దూకి రెండు నడకలూ నడిచి చూపించింది. ఆ రోజు చిక్కుడుకూర మాడిపోయింది. ఇద్దరూ నవ్వుకుంటూ తిన్నారు.

ఇవాళ మధ్యాహ్నం పెద్ద నాట్యబృందం నుంచి ఒకాయన వస్తున్నాడు. ఈ బడి నుంచి ఒక్కర్ని ఎంచుకుంటాడు. ఎంచుకున్న పిల్ల సాయంత్రం బస్సుకే ఆయన వెంట బయలుదేరాలి. మేనకోడలు పొద్దున్నే సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. ఆవిడ వస్తూ వస్తూ దాన్ని దాటలేక దాటింది.

భోజనాల వేళ ఇద్దరూ కిటికీ పక్కన ఒకే డబ్బా ముందు కూర్చున్నారు.

"తినవే."

"దిగట్లేదత్తా."

"అవకాశం రాకపోతే రాకపోయింది. ఇక్కడ నీకేం తక్కువైందని?"

"ఏం తక్కువ కాలేదు. అదే నా భయం. రాకపోతే ఏమవుతుందో తెలుసా? మాస్టారుగారి పక్కన నిలబడి 'మహారాణిగారూ, తమరు కూడా' అని అరుస్తూ అరుస్తూ ముసలిదాన్నయిపోతాను."

గొంతు అచ్చం ఆయనదే దించేసింది. ఆవిడ నవ్వింది. 'మరి నేనేమవుతాను' అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నీళ్ళు తాగు" అంది.

వచ్చినాయన పొట్టిగా, మర్యాదగా ఉన్నాడు. ఆవిడ చేతికి ఒక కాగితం ఇచ్చాడు. "తాళం కొలత ఏదో ఎవరికీ చెప్పకండమ్మా. ఒక్కొక్కరే వస్తారు. నాలుగు గడులు విని, ఐదో గడిలో అడుగు వెయ్యాలి. తాళం పట్టుకోలేనివాళ్ళు నాకు పనికిరారు."

పైన ఆరు, కింద ఎనిమిది.

మొదటి పిల్లకు సరిగ్గా వాయించింది. ఆ పిల్ల కంగారుపడి అడుగు ముందే వేసేసింది. రెండో పిల్ల బాగానే పట్టుకుంది. తర్వాత మేనకోడలు వచ్చి గది మధ్యలో నిలబడింది. మెడ దగ్గర నరం కొట్టుకోవడం ఆవిడకు అంత దూరం నుంచీ కనిపించింది.

చేతులు ఎత్తేదాకా ఆవిడ ఏమీ అనుకోలేదు. దించాక, ఆరు స్వరాల్లో మొదటిదాని మీదా నాలుగోదాని మీదా పడాల్సిన బరువు మొదటిదాని మీదా, మూడోదాని మీదా, ఐదోదాని మీదా పడింది. ఒక్క స్వరం తప్పలేదు. కాగితం పట్టుకుని వెతికినా తప్పు దొరకదు. వచ్చినాయన కనుబొమలు ముడిపడ్డాయి. మాస్టారు గోడకు ఆనుకున్నవాడల్లా నిటారుగా లేచాడు. మూడు జతలు, మూడు జతలు. ఆపాలి. చేతులు ఆగడం లేదు. నాలుగో గడి అయిపోతోంది.

పిల్ల ఆవిడ వైపే చూస్తోంది. చూస్తూనే అడుగు వేసింది.

మూడు ఇటు, మూడు అటు. ఊయల. పియానో ఒక నడక నడుస్తుంటే పిల్ల మరో నడక నడుస్తోంది, జంకు లేకుండా, విశాలంగా. కాసేపు రెండూ ఒకదాన్నొకటి రాసుకున్నాయి. ఇన్నేళ్ళూ కాళ్ళే ఆవిడ చేతుల వెంట నడిచాయి. మొట్టమొదటిసారి ఆవిడ చేతులు కాళ్ళ వెంట పడ్డాయి. బరువు తిరిగి నాలుగోదాని మీదికి వచ్చి నిలిచింది.

పాట అయ్యాక వచ్చినాయన మిగతావాళ్ళనూ ఓపిగ్గా చూశాడు. చివర్లో మేనకోడలి దగ్గరికి వచ్చి, "బస్సు దగ్గర కలుద్దామమ్మా" అన్నాడు.

బస్టాండులో సంచి ఎక్కించాక కాసేపు మిగిలింది. ఇద్దరూ బస్సు చక్రం వైపు చూస్తూ నిలబడ్డారు.

"బరువు మార్చావు కదూ" అంది మేనకోడలు.

చెయ్యి జారిందని ఆవిడ అనొచ్చు. ఈ పిల్లతో ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"నీ మెడ మాత్రం మారలేదత్తా. వాయించేటప్పుడు నువ్వు మెడ ఊపుతావు. అసలు తాళం అందులో ఉంటుంది. మేమందరం దాన్నే చూస్తాం."

"నేనా? ఊపుతానా?"

"చెబితే ఆపేస్తావని ఎవరమూ చెప్పలేదు."

ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి వెళ్ళింది. "కోపం వచ్చిందా?" అంది.

"అప్పుడు చాలా వచ్చింది. ఇప్పుడు వెతికినా దొరకట్లేదు. అక్కడికి చేరాక మళ్ళీ తెచ్చుకుంటాలే." మేనకోడలు ఆవిడ పైట సర్దింది. "ఒక్కదానికేం వండుతాంలే అని పస్తుండకు."

బస్సు కదిలింది. పిల్ల వెళ్ళొస్తానని అనలేదు. చిన్నప్పుడు దాన్ని తన ఒళ్ళో దింపి వెళ్ళేటప్పుడు అన్నయ్య ఆ మాట గుమ్మం దిగేదాకా అంటూనే ఉన్నాడు, తిరిగి రాలేదు. ఇది అననందుకు ఆవిడకు కొంచెం ధైర్యంగానే అనిపించింది.

ఇంటికి వచ్చి చెప్పులు విడిచి, దీపం వేసి, గాలి కోసం బాల్కనీ తలుపు తీసింది. పొద్దున కంగారులో ఉతికి ఆరేసి మరచిపోయిన మేనకోడలి నల్ల సాధన చొక్కా తీగ మీద ఉంది. చేతులు రెండూ కిందికి వేలాడుతూ, చంకల దగ్గర ఇంకా తడిగానే ఉంది.