గోడ అవతలి చలి

హెస్టర్ గ్రాటన్ తన ఇంట్లో కోటు వేసుకునే తిరుగుతుంది. జనవరిలో అయితే కోటు మీద శాలువా కూడా ఉంటుంది. పాత కుర్చీలకు, సోఫాలకు కొత్త గుడ్డ వేసి బిగించడం ఆమె పని. ఆ ఏడు చలికి వేళ్లు కొంకర్లు పోయి, సుత్తి మేకు మీద పడడం మానేసి బొటనవేలి మీద పడుతుంటే ఇక లాభం లేదనుకుంది. పాత ఇళ్లలో వెచ్చదనం ఎటు పోతోందో పరీక్షించి, ఏం చేయాలో చెప్పి, ఇంటికో గ్రేడు వేసే మనిషికి ఫోన్ చేసింది.

వచ్చినవాడి పేరు డెస్మండ్ ఆల్సప్. యాభై దాటిన లావుపాటి మనిషి. గుమ్మంలో బూట్లు దులుపుకుంటూనే మాటలు మొదలుపెట్టాడు.

"బయటకన్నా లోపలే చలిగా ఉందేంటమ్మా? కోటు విప్పుదామనుకున్నా, ఇంకోటి తెచ్చుకోవాల్సింది."

"టీ ఇస్తాను. తాగకపోయినా కప్పు పట్టుకుని కూర్చోండి, చేతులు వేడెక్కుతాయి," అంది హెస్టర్.

అది విక్టోరియా రాణి కాలంలో వర్క్స్‌వర్త్ ఊరి కొండవాలు మీద కట్టిన రాతి ఇల్లు. ఇంత మందాన గోడలు, ఇంత ఎత్తున కిటికీలు. ఒకప్పుడు ఒకటే పెద్ద ఇల్లు. ఇప్పుడు రెండు. కింది సందులోకి తెరుచుకునే సగంలో హెస్టర్ ఉంటుంది. పైసందు వైపు సగం ఆమె తమ్ముడు రోలాండ్‌ది. ఇద్దరికీ మధ్య మాటల్లేక ఇరవై ఏళ్లు దాటింది.

డెస్మండ్ కిటికీలు కొలిచాడు, అటకెక్కి దిగాడు, గోడల్ని వేళ్లతో తట్టి చూశాడు. ఆ తర్వాత వీధి తలుపు బార్లా తీసి, ద్వారబంధానికి ఎర్రటి గుడ్డ కట్టిన చట్రం బిగించి, దాని మధ్యలో పెద్ద ఫ్యాను పెట్టాడు. ఫ్యాను ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంది. అప్పుడు పగుళ్లలోంచి, సందుల్లోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. ఎక్కడ దూరుతోందో పట్టుకోవడమే పరీక్ష.

ఫ్యాను తిరగగానే ఇల్లంతా మూలిగింది. కిటికీలు ఈలలేశాయి. పొయ్యిగూట్లో ఎప్పటిదో మసి జలజలా రాలింది. డెస్మండ్ చేతిలో సన్నగా పొగ వదిలే గొట్టం పట్టుకుని గది గదికీ తిరుగుతుంటే, హెస్టర్ శాలువా బిగించుకుని వెనకాలే నడిచింది. తన ఇంట్లో ఒక మనిషి ఇలా మాట్లాడుతూ తిరిగి చాలా కాలమైందని ఆమెకు తోచింది. ఫ్యాను ఇంకాసేపు తిరిగితే బాగుండుననిపించింది.

వెనక గదిలో, రేడియో పెట్టిన బల్ల దగ్గర అతను ఆగాడు.

"ఇది మధ్య గోడే కదా? పక్కిల్లు దీనికి ఆనుకునే ఉంది కదా?"

"అవును."

"మరి ఇక్కడ పొగ కదలకూడదే."

గోడ దగ్గర పొగ నిటారుగా నిలవకుండా గదిలోకి వంగింది. హెస్టర్ చెయ్యి చాపి చూసింది. వేళ్లకు మంచులాంటి గాలి తగిలింది.

"అక్కడ తలుపుండేది," అంది. "మా తమ్ముడు ఇటుకలతో మూసేశాడు."

డెస్మండ్ ఆమె ముఖం చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

రోలాండ్ అప్పట్లో ఉత్తర సముద్రంలో చమురు బావుల మీద పనిచేసేవాడు. తల్లికి మతి తప్పి, రాత్రిళ్లు చెప్పుల్లేకుండా వీధినపడుతుంటే హెస్టర్ ఒక్కతే చూసుకుంది. చూసి చూసి చేతకాక ఆమెను వృద్ధాశ్రమంలో చేర్చింది. తమ్ముడు తిరిగొచ్చేసరికి తల్లి లేదు. "పరాయివాళ్ల మధ్య పోయింది" అన్నాడు రోలాండ్. అదే అతను హెస్టర్‌తో అన్న చివరి మాట. ఆ వారమే ఇటుకలు తెచ్చి తలుపు మూశాడు. ఒక్కో ఇటుకా పడుతున్న చప్పుడు హెస్టర్ ఇవతల కూర్చుని విన్నది. తాపీ పని అతనికి రాదు. వంకరగా కడుతున్నాడని వింటూనే తెలిసింది.

అయినా గోడ అవతల మనిషి ఉన్నాడన్నది ఒకటుంది. సాయంత్రం అతని పైకిటికీలో దీపం వెలుగుతుంది. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు అటకమీద ధన్ మని చప్పుడవుతుంది. వాడే ఏదో జరుపుతున్నాడనుకునేది. చిన్నప్పుడు రోలాండ్ ఊరి బ్యాండులో చిన్న బాకాలాంటి కార్నెట్ ఊదేవాడు. రేడియో కొనుక్కోవడానికి మాత్రం అతనికి మనసొప్పదు. అందుకని ఆదివారం సాయంత్రాలు బ్యాండు వాయిద్యాలు వచ్చే వేళకు హెస్టర్ తన రేడియోను ఆ గోడకు ఆనించి, తనకు అక్కర్లేనంత గట్టిగా పెట్టేది. ఎందుకలా చేస్తున్నావని ఎవరూ అడగలేదు కనక జవాబు వెతుక్కోవలసిన పని పడలేదు.

డెస్మండ్ ఫ్యాను ఆపి, చట్రం ఊడదీసి, వేడిని చూపించే కెమెరా తీశాడు. దాని తెర మీద వెచ్చని చోట్లు నారింజ రంగులో, చల్లని చోట్లు నీలంగా కనిపిస్తాయి. మధ్య గోడ కేసి పట్టగానే తెర అంతా నీలమైపోయింది. రాళ్ల మధ్య తలుపు ఆకారం ఇంకా ముదురుగా నిలబడింది.

"మీ తమ్ముడు అక్కడ ఉండటం లేదా?"

"ఉంటున్నాడు. నిన్న కూడా దీపం వెలిగింది."

డెస్మండ్ కెమెరాను వీధి వైపు గోడ మీదకు తిప్పాడు. అదీ అదే నీలం. మళ్లీ మధ్య గోడ వైపు తిప్పాడు.

"చూడండమ్మా, అవతల మనిషి కాపురం ఉంటే ఈ గోడ ఎంతో కొంత వెచ్చగా ఉండాలి. ఇంత చల్లబడిందంటే లోపల పొయ్యి వెలిగి వారాలు అయ్యుంటుంది. అంతకన్నా ఎక్కువే కావచ్చు."

హెస్టర్ శాలువా సర్దుకోకుండానే వీధిలోకి నడిచింది.

"ఆగండి, జారుతుంది," అంటూ డెస్మండ్ వెంటపడి చెయ్యి పట్టుకున్నాడు. సందు చుట్టూ తిరిగి కొండెక్కారు. దారంతా ఆమె లోపల ఒకటే మాట తిరుగుతోంది, వాడు పోయి ఎన్నాళ్లయిందో, నేను బ్యాండు వినిపిస్తూ కూర్చున్నాను.

రోలాండ్ తలుపు కొట్టారు. పలకలేదు. డెస్మండ్ వంగి, ఉత్తరాలు వేసే సందు ఎత్తి ముక్కు పెట్టాడు.

"చెడ్డ వాసనేం లేదమ్మా," అన్నాడు మెల్లగా. "ఉత్త చెమ్మ."

ఎదురింటి తలుపు తెరుచుకుంది. గౌనులో మిసెస్ బెరెస్‌ఫర్డ్.

"ఎవరదీ? హెస్టరేనా? పైకి దారి మర్చిపోలేదన్నమాట."

"రోలాండ్ ఏడీ?"

"రోలాండా? అక్టోబర్‌లోనే వెళ్లిపోయాడు కదే. క్లీథోర్ప్స్‌లో సముద్రం పక్కన ఫ్లాటు తీసుకున్నాడు. ఊపిరితిత్తులకి ఈ చెమ్మ పడదన్నాడు డాక్టరు." ఆమె ఇద్దరి ముఖాలూ చూసి గొంతు తగ్గించింది. "నీకు తెలుసనుకున్నానే. ఊరంతటికీ తెలుసు."

"దీపం వెలుగుతోంది కదా."

"అది గడియారం కట్టిన దీపం, వేళకి దానంతటదే వెలుగుతుంది. దొంగలు ఖాళీ ఇల్లని పసిగట్టకుండా తనే పెట్టి వెళ్లాడు. నేను కూడా మొదట్లో ఓసారి తలుపు కొట్టబోయా. లోపలికి రా, చలిలో ఏంటలా నిలబడ్డావు? నంబరిస్తాను, నువ్వే మాట్లాడు."

హెస్టర్ ఆమె హాల్లో నిలబడే ఫోన్ చేసింది. చాలాసేపు మోగింది.

"హలో," అన్నాడు రోలాండ్. గొంతు ముసలిదైపోయింది.

"నేను."

రోలాండ్ దగ్గాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"కెమెరా చెప్పింది. ఇల్లు పరీక్ష చేయిస్తున్నా. గోడ చల్లగా ఉందిట."

"గ్రేడు ఎంతొచ్చింది?"

"ఇంకా వేయలేదు. ఎఫ్ రావచ్చంటున్నాడు."

"బళ్లో నాకూ అదే వచ్చేది," అన్నాడు రోలాండ్. నవ్వబోయి మళ్లీ దగ్గాడు.

"చెప్పి వెళ్లాల్సింది."

"నీకు పట్టదనుకున్నా, హెట్టీ. మూడు నెలల తర్వాత అడుగుతున్నావు."

"మరి అటకమీద చప్పుడేంటి?" అంది.

"అక్కడ కిటికీ తాడు తెగింది. గాలికి కొట్టుకుంటోంది కాబోలు. ఇబ్బందిగా ఉందా? బెరెస్‌ఫర్డ్ దగ్గర తాళం ఉంది, ఎవరినైనా పంపి..."

"ఇబ్బందేం లేదు," అంది హెస్టర్. ఆదివారాల సంగతి చెప్పలేదు.

కిందికి దిగొచ్చాక డెస్మండ్ సామాను సర్దుకున్నాడు. "అవతల ఖాళీ అని తెలిసింది కనక, ఆ గోడని బయటి గోడ కింద లెక్కేయాలమ్మా. చెక్కనార పలకలు వేసి మీద సున్నం పూస్తే గది వెచ్చబడుతుంది. చప్పుళ్లు కూడా పెద్దగా వినపడవు. ఏం రాయమంటారు?"

హెస్టర్ గోడకేసి చూసింది. గదిలో రేడియో బల్ల తప్ప అటువైపు ఏమీ లేదు.

"వేయమని రాయండి," అంది.

మార్చిలో పనివాళ్లొచ్చి గోడ కప్పేశారు. హెస్టర్ మొదటిసారిగా కోటు విప్పి ఇంట్లో తిరిగింది. మేకులు సరిగ్గా పడ్డాయి. ఆదివారం రేడియో ఎక్కడ పెట్టుకోవాలో తేలక కొన్ని వారాలు అసలు పెట్టలేదు.

ఏప్రిల్ చివర్లో, రమ్మని రోలాండ్ అనకపోయినా, రైలెక్కి క్లీథోర్ప్స్ వెళ్లింది. అతను తలుపు తీసి, "వచ్చావా" అని పక్కకు తప్పుకున్నాడు. ఫ్లాటు పొయ్యిలా ఉంది. కిటికీ తీసే ఉంచాడు. అయినా ఆమె మొదట కోటు, తర్వాత స్వెటరు విప్పి ఒళ్లో పెట్టుకుంది. చేపలూ బంగాళాదుంప ముక్కలూ తెప్పించాడు. కాగితంలోంచే తిన్నారు. అలలు వెనక్కి వెళ్లి బురదనేల బయటపడింది. దాని మీద ఎవరో కుక్కను తిప్పుతున్నారు. ఆ కుక్క ఏ జాతిదని కాసేపు వాదించుకున్నారు.

తల్లి మాట ఆమె రెండుసార్లు నాలుక చివరిదాకా తెచ్చింది. రెండుసార్లూ అతను ఉప్పు కావాలా అని అడిగాడు.

స్టేషన్ దాకా రాలేనని, మెట్లకి ఊపిరి ఆడదని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చలికాలం మళ్లీ వస్తే ఇక్కడికొచ్చి ఉండు. ఓ గది ఖాళీగానే ఉంది," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

"ఇప్పుడు నా ఇల్లూ వెచ్చగానే ఉంది, రోలీ."

"అవును కదా," అన్నాడు.

ఆమె మెట్లు దిగింది. స్టేషన్‌లో రైలుకి ఇంకా చాలా వేళ ఉంది. బెంచీ మీద కూర్చుని స్వెటరు తొడుక్కుంది.